ఎర్రర్ కాయినా, దెబ్బతిన్న కాయినా? పాత నాణేల మీద టంకశాల పొరపాట్లను గుర్తుపట్టే పద్ధతి

బల్ల మీద రెండు నాణేలు ఉన్నాయనుకుందాం. రెండూ 50 పైసల స్టీలు బిళ్ళలే. రెండింటికీ అంచున నెలవంక ఆకారంలో కొంత ముక్క లేదు. ఒకటి టంకశాలలోంచే అలా బయటికొచ్చింది. రెండోదాన్ని ఎవరో ఆకురాయితో అరగదీశారు. మొదటిదాన్ని ముఖవిలువకు ఎన్నో రెట్లు పెట్టి కొనేవాళ్లున్నారు. రెండోది పాడైపోయిన అర్ధరూపాయి, అంతే. తేడా పట్టుకోవాలని కూర్చున్నవాళ్లు ముందుగా తెగిన చోటునే తిప్పి తిప్పి చూస్తారు. నిజానికి చూడాల్సింది దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచును.

టంకశాలలోనే ముక్క తెగిన నాణెమైతే, ఆ ఎదుటి అంచున గట్టు, అంటే నాణెం చుట్టూ కాస్త పైకి లేచి ఉండే వరస, సన్నబడి ఉంటుంది. చాలాసార్లు అక్కడి అక్షరాలు కూడా కాస్త మసకగా ఉంటాయి. ఆకురాయి పెట్టినదాంట్లో ఎదుటి అంచు చెక్కుచెదరకుండా ఉంటుంది. ఎందుకలా జరుగుతుందో తెలియాలంటే నాణెం ఎలా తయారవుతుందో తెలియాలి. ఎర్రర్ నాణేల చదువంతా ఇక్కడే ఉంది. వింతగా కనిపించినంత మాత్రాన ఎర్రర్ అయిపోదు. టంకశాలలో ఏ యంత్రం దగ్గర, ఏ పనిలో ఇది జరిగి ఉంటుందో చెప్పగలగాలి. చెప్పలేకపోతే, బయట దెబ్బతిన్న నాణెం అనుకోవడమే క్షేమం.

రేకు నుంచి రూపాయి దాకా

ముందు లోహాన్ని కరిగించి, పొడవాటి పట్టీలుగా సాగదీస్తారు. ఆ పట్టీలోంచి గుండ్రటి బిళ్ళలను పంచ్‌తో కోస్తారు. మూతతో పిండి మీద చిన్న పూరీలు కోసినట్టే ఈ పని. బిళ్ళ అంచును ఒక యంత్రం చుట్టూ నొక్కి కొంచెం పైకి లేపుతుంది. గట్టుకు పునాది పడేది అక్కడే. తర్వాత బిళ్ళలను కాల్చి మెత్తబరుస్తారు, కడిగి మెరుగు పెడతారు. చివరికి ప్రెస్‌లోకి పంపుతారు. ప్రెస్‌లో కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, చుట్టూ కాలర్ అనే ఉక్కు ఉంగరం ఉంటాయి. బిళ్ళ కింది అచ్చు మీద కూర్చుంటుంది, పై అచ్చు దెబ్బ వేస్తుంది. ఆ ఒత్తిడికి లోహం మెత్తటి ముద్దలా పాకి అచ్చులోని పల్లాలను నింపుతుంది. పక్కలకు పారిపోకుండా కాలర్ ఆపుతుంది. బొమ్మ, బొరుసు, అంచు మూడూ ఆ ఒక్క దెబ్బతోనే తయారవుతాయి.

మన దేశంలో ఈ పని నాలుగు చోట్ల జరుగుతుంది: ముంబై, కోల్‌కతా, హైదరాబాద్, నోయిడా. నిజాం కాలంలో 1803లో మొదలైన హైదరాబాద్ టంకశాల 1903లో సైఫాబాద్‌కు మారింది. 1950లో భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. 1997లో చర్లపల్లికి తరలింది. సైఫాబాద్‌లో ఆ ప్రాంతాన్ని ఇప్పటికీ మింట్ కాంపౌండ్ అనే పిలుస్తారు. పాత భవనంలో ఇప్పుడు నాణేల మ్యూజియం ఉంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఒకసారి వెళ్లి ఆ యంత్రాలను దగ్గర నుంచి చూడాలని నా గట్టి సలహా. అవి చూశాక ఎర్రర్ నాణెం గురించి ఆలోచించే తీరే మారుతుంది.

నాణెం తయారీలో పొరపాటు మూడు చోట్ల జరగొచ్చు. బిళ్ళలో, అచ్చులో, లేదా దెబ్బ పడే క్షణంలో. చేతికొచ్చిన నాణెం ఈ మూడింట్లో దేనికి చెందుతుందన్నదే మొదటి ప్రశ్న.

బిళ్ళలోనే లోపం

మొదట చెప్పిన నెలవంక ముక్క సంగతి చూద్దాం. కోత యంత్రం కింద పట్టీ ముందుకు జరగాల్సినంత జరగకపోతే, పంచ్ వచ్చి అంతకుముందు కోసిన గుంత మీదికి కొంత ఎక్కుతుంది. ఆ గుంత ఉన్నంత మేర కొత్త బిళ్ళకు లోహం ఉండదు. అందుకే ముక్క పోయిన చోటు వంపుగా ఉంటుంది. పట్టీ చివర దగ్గర కోత పడితే వంపు ఉండదు, అంచు తిన్నగా తెగి ఉంటుంది. సేకరించేవాళ్లు దీన్ని క్లిప్ అంటారు.

ఇలా తెగిన బిళ్ళ అంచును లేపే యంత్రంలోకి వెళ్తుంది. అక్కడ బిళ్ళను రెండు వైపుల నుంచి ఒకేసారి నొక్కి తిప్పుతారు. తెగిన భాగం వచ్చినప్పుడు ఆ వైపు నొక్కడానికి ఏమీ ఉండదు. ఒక వైపు ఆసరా లేకపోతే ఎదుటి వైపు కూడా ఒత్తిడి పడదు. దాంతో అక్కడ గట్టు లేవదు. దీన్ని బ్లేక్స్‌లీ ఎఫెక్ట్ అంటారు. ఆకురాయి పట్టినవాడు ముక్కనైతే తీయగలడు గానీ, ఎదుటి అంచున ఈ బలహీనతను పుట్టించలేడు.

తెగిన చోట కూడా సాక్ష్యం ఉంటుంది. దెబ్బ పడినప్పుడు అక్కడ లోహం ఖాళీ వైపు పాకుతుంది. కాబట్టి క్లిప్ పక్కనున్న అక్షరాలు ఆ వైపు సాగినట్టు, క్రమంగా సన్నబడుతూ కరిగిపోతాయి. బయట కోసిన నాణెంలో అక్షరం పూర్తి ఎత్తులో వచ్చి, ఉన్నట్టుండి తెగిపోతుంది. పది రెట్లు పెద్దగా చూపే లూప్ పెట్టి చూస్తే తెగిన గోడ మీద ఆకురాయి గీతలు కూడా తెలుస్తాయి. ఎదుటి గట్టు ప్రతి క్లిప్ నాణెంలోనూ ఒకే తీరుగా సన్నబడదు. చిన్న క్లిప్ అయితే పెద్దగా తేడా తెలియకపోవచ్చు. అందుకే రెండు ఆధారాలూ కలిపి చూడాలి.

బిళ్ళ లోపాల్లో రెండో రకం పొర లేవడం. మిశ్రమం సరిగ్గా కలవకపోయినా, లోపల మలినం చిక్కినా నాణెం పైపొర కాగితంలా లేస్తుంది. 1940 తర్వాతి బ్రిటిష్ ఇండియా వెండి రూపాయల్లో సగమే వెండి. మిగతాది రాగి, నికెల్, జింకు. ఇన్ని లోహాలు కలిసిన నాణేల మీద ఇలాంటి చిన్న చీలికలు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

మూడో రకం అన్నిటికన్నా ఆసక్తికరమైనది. ఒక నాణెం అచ్చు ఇంకో నాణెం బిళ్ళ మీద పడడం. ఇక్కడ కన్నును కాదు, త్రాసును నమ్మాలి. గ్రాములో వందో వంతు దాకా చూపే చిన్న డిజిటల్ త్రాసు ఉండాలి. 1988 నుంచి వచ్చిన 50 పైసల స్టీలు నాణెం 22 మిల్లీమీటర్లు, 3.79 గ్రాములు. 25 పైసల స్టీలు నాణెం 19 మిల్లీమీటర్లు, 2.83 గ్రాములు. 50 పైసల బొమ్మతో ఉన్న నాణెం అంచు అక్షరాలు తెగి, 2.83 దగ్గర తూగితే గుండె కొంచెం వేగంగా కొట్టుకోవచ్చు. అదే 3.3 తూగితే మాత్రం ఎవరో అరగదీశారని అనుమానించాలి. ఎందుకంటే అప్పటి మన స్టీలు నాణేల్లో ఆ బరువుది లేదు. లోహం తేడా పట్టడానికి అయస్కాంతం కూడా పనికొస్తుంది. మన స్టీలు నాణేలు అయస్కాంతానికి అంటుకుంటాయి. 1992 నుంచి 2004 దాకా వచ్చిన మందపాటి 5 రూపాయల కుప్రో నికెల్ (రాగి, నికెల్ మిశ్రమం) నాణెం అంటుకోదు.

1943 నుంచి 1947 దాకా వచ్చిన చిల్లు కాణీ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. యుద్ధకాలంలో రాగి కొరత వల్ల మధ్యలో పెద్ద చిల్లుతో వదిలిన కంచు నాణెం అది. చిల్లు పక్కకు జరిగినవి, చిల్లే లేనివి ఎర్రర్లుగా చెలామణీ అవుతుంటాయి. కానీ ఈ కాణీలను జనం మొలతాళ్లకు కట్టారు, వాషర్లుగా వాడారు. దారం ఒరుసుకుని చిల్లు ఒక వైపు సాగిపోయిన కాణీని, చిల్లు పక్కకు జరిగిన కాణీ అనుకోవడం సులువు. తేడా చిల్లు ఆకారంలో ఉంటుంది. టంకశాలలో జరిగినదైతే చిల్లు చోటు తప్పినా గుండ్రంగానే ఉంటుంది. ఒరుసుకున్నదైతే కోడిగుడ్డు ఆకారంలోకి మారి, అంచు నున్నగా జారి ఉంటుంది.

దెబ్బ పడిన క్షణం

కంటికి బాగా ఆనే ఎర్రర్లన్నీ ఇక్కడివే. బిళ్ళ సరిగ్గా కూర్చోకుండా సగం బయటికి జరిగితే, బొమ్మ ఒక పక్కకే పడి మిగతా భాగం ఖాళీగా మిగులుతుంది. ఇది ఆఫ్ సెంటర్. కాలర్ పని చేయకపోతే లోహం పక్కలకు పరుచుకుని నాణెం మామూలు కన్నా వెడల్పవుతుంది, అంచు మీది గాట్లు పడవు. ఇది బ్రాడ్ స్ట్రైక్. దీన్ని పట్టుకోవడం తేలిక. వెడల్పు పెరిగినా బరువు మాత్రం సరిగ్గా ఉండాలి. రైలు పట్టాల మీద పెట్టిన అల్యూమినియం పైసా కూడా వెడల్పవుతుంది, బరువు తగ్గదు. కానీ దాని బొమ్మ చదునై చెరిగిపోతుంది. బ్రాడ్ స్ట్రైక్‌లో మధ్య బొమ్మ పదునుగా నిలిచే ఉంటుంది.

వీటన్నిటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది బ్రాకేజ్. ఒక నాణెం దెబ్బ తిన్నాక బయటికి రాకుండా ఒక అచ్చుకు అతుక్కుపోతుంది. తర్వాతి బిళ్ళ వచ్చి కూర్చుంటుంది. ఇప్పుడు ఒక వైపు మామూలు అచ్చు, రెండో వైపు అచ్చు బదులు ఆ అతుక్కున్న నాణెం. దెబ్బ పడగానే కొత్త నాణేనికి ఒక వైపు బొమ్మ సరిగ్గా పడుతుంది. రెండో వైపు అదే బొమ్మ పల్లంగా, అద్దంలో చూసినట్టు తిరగబడి పడుతుంది. విక్టోరియా రాణి తల ఒక వైపు ఉబ్బెత్తుగా, రెండో వైపు గుంతగా ఉన్న పావు అణా చేతికొస్తే ఆశ్చర్యం ఆపుకోలేం.

దీన్ని నకిలీ చేయడం కూడా తేలికే, అందుకే జాగ్రత్తగా ఉండాలి. రెండు నాణేలను కలిపి బెంచ్ వైస్‌లో (వర్క్‌షాపుల్లో వస్తువును రెండు దవడల మధ్య బిగించే పనిముట్టు) బిగిస్తే ఒకదాని బొమ్మ ఇంకోదాని మీద పల్లంగా అచ్చు పడుతుంది. కానీ అప్పటికే ఆ ముఖం మీద సొంత బొమ్మ ఉంది కదా! అది పూర్తిగా చెరగదు. కొత్త ముద్ర కింద పాత అక్షరాల ఆనవాళ్లు మిగులుతాయి. పైగా బయటి వైపు ముఖాలు వైస్ దవడలకు నొక్కుకుని చదునవుతాయి. అసలైన బ్రాకేజ్‌లో పల్లం ముఖం మీద రెండో బొమ్మ ఛాయే ఉండదు, ఎదుటి ముఖం పూర్తి పదునుతో ఉంటుంది. నాణేనికి రెండు ముఖాలూ ఒకే దెబ్బతో పుట్టాయి కాబట్టి, రెండూ ఒకే కథ చెప్పాలి. ఒకటి ఒకలా, రెండోది ఇంకోలా చెబితే అనుమానించాల్సిందే. ఎర్రర్ పరీక్షలో ఇంతకన్నా పెద్ద సూత్రం నాకు తెలియదు.

10 రూపాయల రెండు లోహాల నాణేనికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఈ నాణెంలో వెలుపలి ఉంగరం, లోపలి బిళ్ళ విడివిడిగా తయారై, ప్రెస్ దెబ్బతో ఒకటవుతాయి. బొమ్మ పడేది కూడా ఆ దెబ్బతోనే. అంటే లోపలి బిళ్ళ పక్కకు జరిగి కూర్చున్నా సరే, బొమ్మ మాత్రం అతుకు దాటి తిన్నగా సాగాలి. లోపలి సింహాలు ఒక కోణంలో, ఉంగరం మీది అక్షరాలు ఇంకో కోణంలో ఉంటే, నాణెం తయారయ్యాక ఎవరో లోపలి బిళ్ళను కొట్టి బయటికి తీసి, తిప్పి మళ్లీ బిగించారన్నమాట. దాన్ని ఎర్రర్ అని అమ్మజూపితే కొనొద్దు.

రెండు ముఖాలూ ఒకదానికొకటి తిరిగి ఉన్న నాణేలు కూడా వస్తుంటాయి. మన రిపబ్లిక్ నాణేల్లో మామూలుగా ఒక ముఖాన్ని నిటారుగా పట్టుకుని, పుస్తకంలో పేజీ తిప్పినట్టు పక్కకు తిప్పితే రెండో ముఖమూ నిటారుగా కనిపించాలి. ఒక అచ్చు వదులై తిరిగిపోతే రెండో ముఖం ఒరిగో, తలకిందులుగానో కనిపిస్తుంది. కొద్దిపాటి ఒరుగుడు మామూలే, దానికి విలువ ఉండదు. పావు వంతు తిరిగినా, పూర్తిగా తలకిందులైనా పక్కన పెట్టుకోవచ్చు. పాత నాణేల్లో ఈ అమరిక ఒక్కో రకానికి ఒక్కోలా ఉండొచ్చు కాబట్టి, అదే రకం నాణెం ఇంకోటి దగ్గర పెట్టుకుని పోల్చకుండా తీర్పు చెప్పకూడదు.

అచ్చు పాతబడితే

అచ్చు ఉక్కుదే అయినా లక్షల దెబ్బలకు అలసిపోతుంది. మొదట సన్నటి పగులు వస్తుంది. ఆ పగుల్లోకి లోహం పాకుతుంది కాబట్టి నాణెం మీద అది ఉబ్బెత్తు గీతగా పడుతుంది. ఇది మనసులో గట్టిగా ఉంచుకోవాలి. అచ్చు పగులు నాణెం మీద ఎప్పుడూ ఉబ్బెత్తే. పల్లంగా ఉన్న గీత అయితే అది గీకుడు, లేదా దెబ్బ పడేటప్పుడు మధ్యలో చిక్కుకున్న తీగో దారమో వదిలిన గుర్తు.

పగులు పెరిగి అంచు దగ్గర అచ్చు ముక్క ఊడిపోతే, నాణెం మీద ఆ మేర బొమ్మ లేకుండా ఒక లోహపు గుబ్బ తేలుతుంది. దీన్ని కడ్ అంటారు. 1992 తర్వాతి స్టీలు రూపాయల మీద వెతికితే పగుళ్లు, చిన్న కడ్‌లు దొరుకుతాయి. స్టీలు గట్టి లోహం కావడం వల్ల అచ్చు మీద ఒత్తిడి ఎక్కువ.

కడ్‌ను తేల్చడానికి కూడా నాణెం తిప్పి చూడాలి. లోహం ఆ ఖాళీలోకి పాకిపోవడంతో, సరిగ్గా దాని వెనుక ఉన్న బొమ్మకు లోహం చాలదు. అక్కడ అక్షరాలు మసకబారతాయి. వెనక అంతా పదునుగా ఉండి ముందు మాత్రం గుబ్బ ఉంటే, ఏదో తెచ్చి అతికించారని అనుమానించాలి. తెలుగు నేల మీద ఈ అనుమానానికి ఒక ప్రత్యేకమైన కారణం ఉంది. లంబాడా స్త్రీల ఆభరణాల్లో, పాతకాలపు రూపాయి దండల్లో వెండి రూపాయలకు పైన కొక్కెం టంకం పెట్టి అతికేవారు. దండ విప్పి నాణేలు అమ్మేటప్పుడు కొక్కెం తీసేస్తారు, టంకం ముద్ద మిగిలిపోతుంది. అది తరచుగా రాజు కిరీటం పైన, అంచున ఉంటుంది. చూడ్డానికి అచ్చం కడ్‌లాగే ఉంటుంది. లూప్‌తో చూస్తే టంకం రంగు వేరుగా ఉంటుంది, అక్షరాల మీదికి కారి గడ్డకట్టినట్టు ఉంటుంది. దాని కింద అక్షరం అంచు ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. కడ్ కింద అక్షరం ఉండే అవకాశమే లేదు, ఎందుకంటే అక్కడ అసలు పడనే లేదు.

మధ్యలో బిళ్ళ లేకుండా రెండు అచ్చులు ఒకదాన్నొకటి గుద్దుకుంటే, ఒక ముఖం మీది బొమ్మ అంచులు రెండో ముఖం ఖాళీ జాగాలో తిరగబడి, నీడలా కనిపిస్తాయి. ఏటవాలుగా దీపం వేసి చూస్తేనే ఇవి బయటపడతాయి. ఎదురుగా వెలుగు పడితే ఏమీ తెలియదు.

అక్షరాలు, అంకెలు రెండేసి కనిపించే నాణేలు ఎక్కువ వాదనకు కారణమవుతాయి. ఇందులో రెండు రకాలున్నాయి. అచ్చును తయారుచేసేటప్పుడే బొమ్మ రెండుసార్లు కాస్త ఎడంగా పడి ఉంటే అది డబుల్డ్ డై. దీంట్లో రెండు గీతలూ సమానమైన ఎత్తులో, గుండ్రంగా ఉంటాయి. అక్షరం మూలలు రెండుగా చీలినట్టు ఉంటాయి. ఆ అచ్చుతో కొట్టిన ప్రతి నాణెమూ అలాగే ఉంటుంది. రెండో రకం, దెబ్బ పడ్డాక వదులైన అచ్చు కొంచెం కదిలి అక్షరం అంచును నొక్కేయడం. ఇక్కడ రెండో గీత చదునుగా, మెట్టులా ఉంటుంది. అక్షరం వెడల్పు పెరగదు, ఉన్నదాంట్లోంచే కొంత మెట్టుగా మారుతుంది. మన దగ్గర డబుల్డ్ డై అని చూపించే నాణేల్లో ఎక్కువ భాగం ఈ రెండో రకమే. దీనికి పెద్దగా విలువ ఇవ్వరు.

అచ్చు పల్లాల్లో నూనె, మురికి పేరుకుని అంకెలు, అక్షరాలు పడకపోవడం ఇంకా మామూలు విషయం. కానీ దీనివల్ల ఒక తప్పుడు లెక్క పుడుతుంది. ఏడాది అంకె కింద హైదరాబాద్ నాణేనికి నక్షత్రం, ముంబై నాణేనికి డైమండ్, నోయిడాకు చుక్క ఉంటాయి. కోల్‌కతాకు ఏ గుర్తూ ఉండదు. నోయిడా అచ్చులో ఆ చుక్క మురికితో పూడిపోతే నాణెం కోల్‌కతాదిలా కనిపిస్తుంది. ఫలానా ఏడాది కోల్‌కతా నాణెం అరుదని జాబితాలో చూసినవాళ్లు ఇలాంటిదాన్ని పట్టుకుని సంబరపడతారు. గుర్తు లేకపోవడం ఒక్కటే ఆధారం కాదు. చుక్క ఉండాల్సిన చోట ఏటవాలు వెలుగులో సన్నటి ఉబ్బు కనిపిస్తుందేమో చూడాలి. ఆ టంకశాల అంకెల తీరు కూడా పోల్చాలి.

ఎర్రర్ కానివి

1911లో ఐదో జార్జి చక్రవర్తి బొమ్మతో వచ్చిన రూపాయి మీద, రాజు అంగీ మీద చిన్న ఏనుగు ఉంది. తొండం పొట్టిగా ఉండడంతో జనానికి అది పందిలా కనిపించింది. గొడవ రేగింది. కొట్టిన 94 లక్షల నాణేల్లో 7 లక్షలు మాత్రమే బయటికొచ్చాయి. వాటిలోనూ చాలావరకు వెనక్కి తీసుకుని కరిగించారు. తర్వాత బొమ్మను మార్చి కొత్తగా కొట్టారు. పంది రూపాయిగా పేరుపడ్డ ఈ నాణెం మీద ఇప్పటికీ మోజు ఉంది. కానీ ఇది టంకశాల ఎర్రర్ కాదు. యంత్రం తన పని తాను సరిగ్గానే చేసింది. బొమ్మ గీసినచోటే సమస్య. ఆ ఏడాది నాణేలన్నిటి మీదా అదే ఏనుగు.

1862 అని ఉన్న విక్టోరియా రూపాయల మీద కనిపించే అదనపు చుక్కలూ ఎర్రర్లు కావు. ఆ ఏడాదినే ముద్రిస్తూ తర్వాత చాలా ఏళ్లు నాణేలు కొట్టారు. చుక్కలు టంకశాలవాళ్లు కావాలని పెట్టుకున్న గుర్తులు. 10 రూపాయల నాణెం మీద కొన్నిటికి 10 కిరణాలు, కొన్నిటికి 15 ఉండడం కూడా డిజైన్ మార్పే. ఈ తేడా చూపి నకిలీవని చాలాచోట్ల తీసుకోకపోవడంతో, 14 రకాల 10 రూపాయల నాణేలూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంక్ 2018 జనవరిలో ప్రకటించాల్సి వచ్చింది. 1985 రూపాయి మీద ఏడాది కింద కనిపించే ఇంగ్లిష్ హెచ్ అక్షరం కూడా అలాంటిదే. అది బర్మింగ్‌హామ్ టంకశాల గుర్తు. అప్పట్లో చిల్లర కొరత తీర్చడానికి విదేశాల్లో కొట్టించారు.

ఇంకా వెనక్కి వెళ్తే ఎర్రర్ అన్న మాటకే అర్థం మారిపోతుంది. విజయనగర వరహాలు, మొగలాయి రూపాయలు చేత్తో, సుత్తి దెబ్బతో కొట్టినవి. అచ్చు కన్నా బిళ్ళ చిన్నదిగా ఉండడం ఆ రోజుల్లో సర్వసాధారణం. అందుకే రాజు పేరులో సగమే పడుతుంది, ఏడాది పడదు, బొమ్మ పక్కకు జరుగుతుంది. దాన్ని ఆఫ్ సెంటర్ ఎర్రర్ అని అమ్మడం అన్యాయం. అలాంటి నాణేల్లో పేరు, టంకశాల, ఏడాది అన్నీ పూర్తిగా పడినదే అరుదు, దానికే ధర. వాటి మీద కనిపించే చిన్న చిన్న పోట్లు సరాఫులు, అంటే నాణేలు మార్చే వ్యాపారులు, వెండి స్వచ్ఛత చూడడానికి వేసినవి. అవి చరిత్రకు పనికొస్తాయి, ఎర్రర్ జాబితాకు కాదు.

రెండు వైపులా బొమ్మే ఉన్న నాణెం గురించి ఎవరైనా చెబితే ముందు గట్టు లోపలి గీత చూడండి. రెండు నాణేలను తొలిచి, ఒకదాంట్లో ఒకటి బిగించి చేసినదైతే గట్టు లోపలి అంచున వెంట్రుకంత అతుకు ఉంటుంది. బల్ల మీద మోగిస్తే శబ్దం మొద్దుగా వస్తుంది. బరువు కూడా సాధారణంగా తేడా కొడుతుంది.

డబ్బు సంగతి

ఎర్రర్ నాణేనికి ఇదీ రేటు అని ఎక్కడా రాసి ఉండదు. పొరపాటు ఎంత పెద్దది, కంటికి ఎంత స్పష్టంగా ఆనుతుంది, ఏడాది కనిపిస్తోందా, నాణెం ఎంత అరిగింది, ఇవన్నీ కలిసి ధరను తేలుస్తాయి. సగం బయటికి జరిగినా ఏడాది నిలిచిన నాణేనికి, ఏడాది పోయినదానికన్నా గిరాకీ ఎక్కువ. అచ్చు పగులు, పూడిన అక్షరం, కొద్దిపాటి ఒరుగుడు ఉన్న నాణేలు నేర్చుకోవడానికి చాలా బాగుంటాయి గానీ వాటితో ఎవరూ ధనవంతులు కారు. మీ పాత నాణేనికి లక్షలిస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజో పన్నో కట్టండి అని ఫోన్ వస్తే అది మోసమే. రిజర్వ్ బ్యాంక్ పేరు వాడుకుని ఇలా వసూలు చేస్తున్నారని, తాము అలాంటి కొనుగోళ్లలో లేమని, ఎవరికీ అధికారం ఇవ్వలేదని 2021 ఆగస్టులో ఆ బ్యాంకే హెచ్చరించింది. ఇంట్లో ఉన్న నాణేన్ని ఎర్రర్‌గా మార్చి అమ్మే ప్రయత్నం ఇంకో తప్పు. నాణేలను కరిగించడాన్ని, పాడుచేయడాన్ని 2011 నాణేల చట్టం నిషేధిస్తుంది.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఒక మాట. తాతగారి విక్టోరియా రూపాయలను సూట్‌కేసులో వేసుకుని వెళ్లే ముందు ఆలోచించండి. వందేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని దేశం దాటించడం నేరం.

అనుమానం ఉన్న నాణెం దొరికితే చేయకూడని మొదటి పని దాన్ని కడగడం. చింతపండు, టూత్‌పేస్టు, ముగ్గుపిండి ఏది పెట్టి తోమినా పైపొర మీది సహజమైన మెరుపు పోతుంది. లోహం ఎటు పాకిందో చూపే సన్నటి గీతలు కూడా ఆ మెరుపులోనే ఉంటాయి. అవి పోయాక అనుభవం ఉన్నవాళ్లు కూడా ఇది టంకశాల పొరపాటా, బయటి దెబ్బా అని తేల్చలేరు. అంచు పట్టుకునే తీయండి. మెత్తటి పీవీసీ కవర్లలో పెట్టొద్దు, కొన్నాళ్లకు వాటిలోంచి జిగురు దిగి నాణెం మీద ఆకుపచ్చగా పడుతుంది. ఎవరికైనా చూపించాలంటే రెండు ముఖాల ఫొటోలతో పాటు అంచు ఫొటో కూడా తీయండి. వెలుగు ఒక పక్క నుంచి ఏటవాలుగా పడాలి. బరువు, వ్యాసం రాయండి. పక్కన అదే రకం మామూలు నాణేన్ని పెట్టి ఇంకో ఫొటో తీయండి. ఇవన్నీ ఉంటే చూసేవాళ్లు చాలావరకు ఫొటోల మీదే ఒక అభిప్రాయం చెప్పగలుగుతారు. చెప్పలేకపోయినా, నాణేన్ని చేతిలోకి తీసుకుని ఏ వైపు చూడాలో వాళ్లకు తెలుస్తుంది.